పాత 407: రేడియేటర్‌లో ఎర్ర నీళ్లు, ఎంత కడిగినా తగ్గట్లేదు

మార్కాపురం 407:

అందరికీ నమస్కారం. బండి టాటా 407, 1999 మోడల్. నాన్న కొన్నది, ఆరేళ్లుగా నేను నడుపుతున్నా. పెళ్లిళ్ల సీజన్‌లో టెంట్ హౌస్ సామాను తోలతాం. సీజన్ లేనప్పుడు దొరికిన లోడు.

పోయిన నెల గిద్దలూరు నుంచి నంద్యాల పోతుంటే నల్లమల ఘాట్‌లో టెంపరేచర్ ముల్లు ఎర్రగీత మీదికెక్కింది. లోడు పెద్దదేం కాదు, నాలుగొందల కుర్చీలు, రెండు డేగిశాలు. పక్కకాపి గంటన్నర కూర్చున్నా. చల్లారాక మూత తీస్తే లోపల నీళ్లు రాగిజావ రంగులో ఉన్నాయి. వేలు పెడితే అడుగున ఇసకలా గరగర.

ఇంటికొచ్చాక కింద కాక్ విప్పి నీళ్లొదిలి, పైనుంచి పైపు పెట్టి కడిగా. నీళ్లు తెల్లగా వచ్చేదాకా వదిలా. మళ్లీ నింపి ఒంగోలు దాకా వెళ్లొచ్చేసరికి మళ్లీ అదే రంగు. ఇప్పటికి నాలుగుసార్లు కడిగా. ఘాట్‌లో పడకపోతే ముల్లు సగం దగ్గరే ఉంటుంది, ఎక్కుడు తగిలితేనే పోతోంది.

ఇరవై ఏళ్లుగా పోసింది మా బోరు నీళ్లే. ఆ నీళ్లతో వేణ్ణీళ్ల బిందె ఆరు నెలల్లో తెల్లగా గార కడుతుంది, అంత చవుడు. ఆ నీళ్లలో కలిపే కూలెంట్ అనేది ఈ బండి ఎప్పుడూ చూడలేదు. ఇంజిన్ వేడెక్కేదాకా నీళ్లని రేడియేటర్‌కి పోనివ్వని థర్మోస్టాట్ ఎప్పుడో తీసేశారని నాన్న అంటున్నాడు.

ఇక్కడ ఒక మెకానిక్ బాత్రూం యాసిడ్ పోసి అరగంట ఉంచితే అద్దంలా అవుతుందన్నాడు. ఇంకొకాయన రేడియేటరే మార్చెయ్ అంటున్నాడు. ఏది చెయ్యాలి? నాలుగుసార్లు కడిగినా ఆ ఎరుపు ఎక్కడినుంచి వస్తోంది?

లోడ్ లారీ:

బ్రో, రెండు లీటర్ల కూల్‌డ్రింక్ బాటిళ్లు నాలుగు పోసి యాభై కిలోమీటర్లు తోలు. తర్వాత నీళ్లతో కడుగు. మా క్లీనర్ చేశాడు, తుప్పంతా వచ్చేసింది. ఖర్చు తక్కువ.

ఆటోనగర్ పాత చెయ్యి:

తమ్ముడూ, ముందు ఆ యాసిడ్ డబ్బా బాత్రూంలోనే పెట్టెయ్. కూల్‌డ్రింక్ కూడా ఫ్రిజ్‌లో పెట్టు. అందులో ఉండే ఆమ్లం కొంత తుప్పు తీసే మాట నిజమే, కానీ సీసాకి పావుకిలో దాకా చక్కెర కూడా పోతుంది లోపలికి. ఆ పాకం నువ్వు కడగలేవు.

విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై ఒక్క ఏళ్లు చేశాను. మోకాళ్లు పోయి మానేశాను గానీ చేతులింకా బానే ఉన్నాయి. పనిలో చేరిన మూడో ఏట నేనూ బాత్రూం యాసిడే పోశాను, మేస్త్రీ ఊళ్లో లేనప్పుడు. అరగంటకి నీళ్లు నల్లగా నురగలు కక్కుతూ వచ్చాయి, భలే పని చేశానని మురిసిపోయా. వారం తిరక్కుండానే ఆ లారీ మళ్లీ వచ్చింది. థర్మోస్టాట్ కూర్చునే అల్యూమినియం గిన్నె తొర్రలు తొర్రలుగా తినేసింది, ఇత్తడి ట్యాంకు కుట్టు దగ్గర టంకం వదిలేసి కారుతోంది. రెండు నెలల జీతం పోయింది.

ఇక నీ ప్రశ్న. ఎరుపు రేడియేటర్‌లోంచి రావట్లేదు. నీ రేడియేటర్ ఇత్తడి, రాగి. దానికి చిలుము పడుతుంది గానీ ఎర్రతుప్పు పట్టదు. తుప్పు పట్టేది పోతఇనుము, అంటే ఇంజిన్ బ్లాకు, హెడ్డు. నువ్వు నాలుగుసార్లు కడిగింది దొంగతనం జరిగిన ఇంటి పక్కిల్లు! రేడియేటర్ కాక్ విప్పితే బ్లాకు సగం కూడా ఖాళీ కాదు. అడుగున మడ్డి అలాగే ఉంటుంది. కొత్త నీళ్లు పోసి నడపగానే పంపు ఆ మడ్డిని మళ్లీ లేపుతుంది.

పంపు ముందుంటుంది కాబట్టి నీటి జోరు ముందు సిలిండర్ల దగ్గర ఎక్కువ, వెనక తక్కువ. ఏటి వంకలో ఇసక మేట వేసినట్టు మడ్డంతా వెనక సిలిండర్ పక్కన, అడుగున చేరుతుంది. ముల్లు చూపించేది ఆ సెన్సర్ కూర్చున్న చోటి వేడి మాత్రమే. వెనక సిలిండర్ చుట్టూ మడ్డిలో ఇనుము ఎంత కాలుతోందో దానికి తెలీదు.

పని మొదలెట్టే ముందు మూడు పరీక్షలు చెయ్. బండి చల్లగా ఉన్నప్పుడే సుమా. మూత మీద నాకు నమ్మకం పోయి చాలా కాలమైంది, ఎడమ మోచేతి మీద అరచెయ్యంత మచ్చ ఉంది. పైపు పట్టుకుంటే చేతికి చల్లగా తగలాలి, అప్పుడే మూత.

ఆ ఎర్రనీళ్లు ఒక ఖాళీ సీసాలో పట్టి రాత్రంతా కదలకుండా పెట్టు. తుప్పయితే పొద్దున్నకి అడుగున పేరుకుంటుంది, పైన నీళ్లు తేటపడతాయి. పైన జిడ్డు తెట్టు కట్టినా, మొత్తం పాల టీ లాగా ఉండిపోయినా అది తుప్పు కాదు, నూనె. అప్పుడు ఆయిల్ కూలరో, హెడ్డుకీ బ్లాకుకీ మధ్య ఉండే హెడ్ గ్యాస్కెట్టో చూడాలి, కడగడం దండగ. తెల్ల పెచ్చులు కనిపిస్తే ఒకటి తీసి దాని మీద నిమ్మకాయ పిండు. బుసబుస పొంగితే మీ బోరు సున్నం.

రెండోది, పొద్దున్నే చల్లబండి మూత తీసి స్టార్ట్ చేసి, ఒకరు యాక్సిలరేటర్ తొక్కుతుంటే నువ్వు నీళ్లకేసి చూడు. మొదట్లో నాలుగు బుడగలు వస్తే పర్లేదు. ఆగకుండా వస్తున్నా, మూత పెట్టి నడిపినప్పుడు పై హోస్ పైపు వేడెక్కకముందే రాయిలా బిగిసినా గ్యాస్కెట్ పోయినట్టే.

మూడోది అందరూ మర్చిపోయేది. రేడియేటర్ బయట చూశావా? మార్కాపురం అంటున్నావు, పలకల ఫ్యాక్టరీల వైపు తిరిగే బండైతే రెక్కల మధ్య ఆ దుమ్ము సిమెంటులా గట్టిపడి ఉంటుంది. ఫ్యాన్ వైపు నుంచి బయటికి నీళ్లు కొట్టు, మెల్లగా. వాటర్ సర్వీసింగ్ గన్ దగ్గరగా పెట్టావంటే రెక్కలు పడుకుంటాయి. ఫ్యాన్ బెల్ట్ వదులుందేమో అదీ చూడు. ఇవి బాగుండి కూడా వేడెక్కితేనే లోపలి పని.

ఇప్పుడు కడగడం. రేడియేటర్‌ని, ఇంజిన్‌ని విడదీసి కడగాలి. పైదీ కిందదీ రెండు హోసులూ పీకెయ్. కలిపి కడిగితే బ్లాకులో మడ్డి కదిలి తిన్నగా రేడియేటర్ సన్న గొట్టాల్లోకి పోయి కూర్చుంటుంది, అప్పుడు నిజంగానే కొత్త రేడియేటర్ కొనాలి.

బ్లాకు పక్కన కింద డ్రెయిన్ ప్లగ్గు ఉంటుంది. ఇరవై ఏళ్లుగా కదిలి ఉండదు. ముందురోజు రాత్రి తుప్పు వదిలే ఆయిల్ కొట్టి ఉంచు, పొద్దున్న సరిగ్గా పట్టే స్పానర్‌తో తిప్పు. ప్లగ్గు ఊడినా చుక్క నీరు రాదు, కంగారు పడకు. రాలేదంటే రోగం దొరికిందన్నమాట. గట్టి జీఐ తీగ కొస కొంచెం వంచి లోపలికి పెట్టి కెలుకు. ముందు నల్ల బురద, తర్వాత పెచ్చులు, తర్వాత ఒక్కసారిగా నీళ్లు. ఎదురుగా మొహం పెట్టకు.

థర్మోస్టాట్ గిన్నె విప్పి, అక్కడినుంచి నీళ్ల పైపు లోపలికి పెట్టు. మామూలుగా నీళ్లు కిందనుంచి పైకి పోతాయి కదా, మనం ఎదురు తోలుతున్నాం. ప్లగ్గు రంధ్రంలోంచి, పంపు నోట్లోంచి బయటికి వస్తాయి. తీగ తిప్పుతూ ఉండు, పైపు మూస్తూ తెరుస్తూ ఉండు. ధార ఒకే తీరుగా పోతే నీళ్లు తమ దారి చూసుకుని పోతాయి, మడ్డి కదలదు. నాలుగు దఫాలుగా ఒక పూట పడుతుంది. గాజుగ్లాసులో పట్టి వెనక పేపరు పెట్టు, అక్షరాలు చదవగలిగితే ఆపెయ్.

రేడియేటర్ కూడా ఎదురే. కింది మూతి నుంచి నీళ్లు పైకి. కంప్రెసర్ గాలి కలిపితే పని తొందరగా అవుతుంది గానీ టైర్లకి కొట్టే ప్రెషర్ పెట్టావంటే పాత గొట్టాలు పగులుతాయి. చిన్నగా, దఫదఫాలుగా.

ఇదంతా మడ్డికి. అంటుకున్న గారకి నిమ్మ ఉప్పు కావాలి, కిరాణాకొట్లో దొరికేదే. లీటరు నీటికి యాభై గ్రాములు. వేడినీళ్లలో కరిగించి పొయ్యి. మూత రెండో నొక్కు దాకా బిగించకు, గార కరిగేటప్పుడు గ్యాసు పుడుతుంది. ఇంజిన్ వేడెక్కాక అరగంట, ముప్పావుగంట స్లోలో ఉంచి, ఆపి, చెయ్యి పెట్టగలిగేంత చల్లారాక ప్లగ్గు కూడా తీసి మొత్తం వదిలెయ్. రాత్రంతా ఉంచితే ఇంకా బాగా పోతుంది కదా అనిపిస్తుంది. ఉంచకు. నిమ్మ ఉప్పయినా యాసిడే.

తర్వాత మంచినీళ్లతో మూడుసార్లు. ఆఖరిసారి వదిలిన నీళ్లు గ్లాసులో పట్టి చిటికెడు వంటసోడా వెయ్యి. పొంగితే లోపల పులుపు ఇంకా ఉంది, మళ్లీ కడుగు. పొంగకపోతే వెంటనే కూలెంట్ పొయ్యి. రేపు చూద్దాంలే అన్నావా, యాసిడ్‌తో శుభ్రపడిన పచ్చి ఇనుము తెల్లారేసరికి మళ్లీ ఎర్రబడుతుంది.

పోసేది కూడా లెక్కే. ఎంత కడిగినా బ్లాకు మూలల్లో కొంత మామూలు నీరు మిగులుతుంది. అందుకని ముందే కలిపి పోస్తే పలచబడిపోతుంది. బండికి మొత్తం ఎన్ని లీటర్లు పడుతుందో అందులో సగం చిక్కటి కూలెంట్ ముందు పోసేసి, మిగతా సగం డిస్టిల్డ్ వాటర్‌తో నింపు. కొట్లో దాన్నే బ్యాటరీ వాటర్ అని అడిగేటప్పుడు జాగ్రత్త, పక్క అరలోనే బ్యాటరీ యాసిడ్ ఉంటుంది.

ఇంకో మాట. కడిగాక లీకులు వస్తాయి. నన్ను తిట్టుకోకు. ఇన్నాళ్లూ తుప్పే మూతలా పనిచేసింది. బ్లాకు పక్కన నొక్కి పెట్టిన రేకు బిళ్లలు, పంపు సీలు – ఈ రెండూ చూసుకో.

నాన్నగారిని ఒకటి అడుగు. దారిలో రేడియేటర్ కారితే, కారే చోటు పూడటానికి ఎప్పుడైనా పసుపు పోశారా?

దమ్మామ్ ట్రైలర్:

అన్నా, నేను నిజామాబాద్ దిక్కు. పదకొండేండ్ల సంది దమ్మామ్‌ల ట్రైలర్ నడుపుతున్న. పెద్దాయన చెప్పింది అంత కరెక్టే, నేను ఒక్క ముచ్చట కలుపుత.

మన దగ్గర కూలెంట్ అంటే చలి దేశాలకు, నీళ్లు గడ్డకట్టకుండ పోసేది అనుకుంటరు. నేనూ గట్లనే అనుకుంట వచ్చిన. ఈడ ఎండకాలం యాభై డిగ్రీల దగ్గరికి పోతది, గడ్డకట్టుడు ఏడిది? అయినా ఒక్క బండిల గూడ ఉత్త నీళ్లు పొయ్యనియ్యరు. మా వర్క్‌షాప్ ఫోర్‌మన్‌ని అడిగితే చెప్పిండు: వేడి మొయ్యనీకె నీళ్లే మంచియి, అండ్ల కూలెంట్ గొప్పేం లేదు, కానీ దాంట్ల తుప్పు ఆపే మందు ఉంటది, దానికోసం పోస్తరు అని. ఆ మందు గూడ మెల్లమెల్లగ అయిపోతది. రంగు పచ్చగనే ఉన్నదని ఏండ్లకేండ్లు ఉంచొద్దు, డబ్బ మీద రాసిన టైముకు మార్చాలె. పచ్చది, ఎర్రది కలపొద్దు.

రేడియేటర్ మూత గూడ కొత్తది కొను. స్ప్రింగు పోయిన మూత ప్రెషర్ ఆపది. మూత మీద 0.7 అని రాసి ఉంటే, ఆ ప్రెషర్ నిలిస్తె నీళ్లు నూట పదిహేను డిగ్రీల దాక మసలయి. మూత పోతె నూరుకే మసులుతయి. ఘాట్‌ల ఆ పదిహేనే నీకు కావాలె.

ఇంకోటి, కూలెంట్ తియ్యగుంటది, విషం. ఆకిట్ల ఒలకబోస్తె కుక్కలు నాకి సస్తయి. పిల్లలకు అందనియ్యకు.

మార్కాపురం 407:

రెండు ఆదివారాలు పట్టింది. ఆటోనగర్ బాబాయ్ చెప్పినట్టే చేశా, జరిగింది రాస్తున్నా.

సీసా పరీక్షలో పైన జిడ్డు లేదు, బొటనవేలు మందాన ఎర్రమడ్డి కూర్చుంది. తెల్ల పెచ్చు మీద నిమ్మకాయ పిండితే ఈనో వేసినట్టు పొంగింది. మా అమ్మ చూసి ‘ఈ నీళ్లేగా మనం తాగుతుంది’ అంది. ఆ రోజునుంచి ఇంట్లో మినరల్ వాటర్ క్యాన్ వస్తోంది.

బుడగలు లేవు. బ్లాకు ప్లగ్గు మాత్రం మూడు రోజులు నూనె తాగితే గానీ కదల్లేదు. తీశాక నిజంగానే ఒక్క చుక్క రాలేదు. బాబాయ్ ముందే చెప్పకపోతే ప్లగ్గు తప్పు తీశానేమో అని మళ్లీ బిగించేవాణ్ణి. తీగతో పది నిమిషాలు కెలికాక చల్లటి నల్లబురద జారింది, ఆ వెనకే ధార నా చొక్కా మీద. మొహం పెట్టకు అన్నారు, చొక్కా సంగతి చెప్పలేదు. బకెట్ అడుగున తేరినది గిన్నెలోకి తీస్తే కిలోకి తక్కువ ఉండదు. ఒక పెచ్చు పావలా బిళ్లంత ఉంది, ఒకవైపు ఎరుపు, ఒకవైపు తెలుపు, మధ్యలో ఉల్లిపాయలా పొరలు.

రేడియేటర్ మాత్రం ఎదురు కడిగినా ఒకవైపు చల్లగానే ఉంటోంది. వేడి చూసే గన్‌తో చూద్దామని కరోనా టైంలో కొన్నది తెచ్చా, అది ‘హై’ అని చూపించి ఊరుకుంది. ఫ్యాక్టరీలో పనిచేసే స్నేహితుడు అసలుది తెచ్చాడు. కుడివైపు డెబ్భై ఎనిమిది, ఎడమ మూల యాభై రెండు. ఇక విప్పి ఒంగోలులో రేడియేటర్ షాపుకి తీసుకెళ్లా. ఆయన టంకం కరిగించి పై ట్యాంకు ఊడదీసి, ఒక్కో గొట్టంలోకి పల్చటి బద్ద దింపుతూ రెండు గంటలు కూర్చున్నాడు. ఎడమవైపు పదకొండు గొట్టాలు పూర్తిగా మూసుకుపోయాయి. కింద ట్యాంకులోంచి ఎండిపోయిన గోరింటాకు ముద్ద లాంటిది గీకి తీసి నా చేతిలో పెట్టి, ‘ఎవరు పోశారు పసుపు?’ అన్నాడు.

నాన్నని అడిగితే ముందు లేదన్నాడు. తర్వాత ‘ఒక్కసారి, దిగువమెట్ట దగ్గర, రాత్రి పూట’ అన్నాడు. అన్నం తింటూ రెండుసార్లని ఒప్పుకున్నాడు. రెండోసారి పసుపు చాలక పొగాకు కూడా వేశాడట. ‘ఇంటికైతే చేరాం కదా’ అన్నాడు. దానికి నా దగ్గర సమాధానం లేదు.

నిమ్మ ఉప్పు ఒకసారి పోశాక నీళ్లు కాఫీ డికాక్షన్ లాగా వచ్చాయి. రెండోసారి పలచటి టీ. సోడా పరీక్ష నాలుగో కడుగుకి గానీ పాస్ అవలేదు. కొత్త మూత, కొత్త హోసులు, డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ అన్నీ పడ్డాయి. లీకు కూడా చెప్పినట్టే వచ్చింది: మూడో రోజు బ్లాకు పక్క రేకు బిళ్ల ఒకటి చెమర్చింది. పీకి చూస్తే లోపలివైపు కాగితంలా పలచబడింది. ఆ వైపువి మూడూ మార్పించా.

నిన్న అదే ఘాట్ ఎక్కా, అవే కుర్చీలు. ముల్లు సగం దాటి కొంచెం పోయింది, అక్కడే నిలబడింది. ఒక్క సందేహం, బాబాయ్. థర్మోస్టాట్ ఇంకా పెట్టలేదు. బండి ఇప్పుడు చల్లగానే పోతోంది కదా, పెట్టాలా?

ఆటోనగర్ పాత చెయ్యి:

పెట్టాలి. మన దగ్గర బండి వేడెక్కితే మొదట బలయ్యేది అదే, ఏ తప్పూ చెయ్యకపోయినా. అది లేకపోతే చదును రోడ్డు మీద ఇంజిన్ వేడెక్కాల్సినంత వేడెక్కదు. డీజిల్ సరిగ్గా మండదు, ఆయిల్ తొందరగా చెడుతుంది, సిలిండర్ లోపలి లైనర్లు అరుగుతాయి. కొన్ని ఇంజిన్లలో అది తీసేస్తే బైపాస్ దారి తెరుచుకునే ఉండిపోయి, సగం నీళ్లు రేడియేటర్ దాకా రాకుండానే లోపల చుట్టూ తిరుగుతాయి. అంటే చల్లబడాలని తీసేస్తే ఘాట్‌లో ఇంకా కాలుతుంది.

నీ ఇంజిన్‌కి సరిపోయేదే కొను. ఎన్ని డిగ్రీలకు తెరుచుకోవాలో దాని మీద కొట్టి ఉంటుంది. బిగించే ముందు దారం కట్టి గిన్నె నీళ్లలో వేలాడదీసి స్టవ్ మీద పెట్టు. గిన్నె అడుక్కి తగలకూడదు. నీళ్లు ఆ వేడికి వచ్చేసరికి మెల్లగా నోరు తెరవాలి, చల్లారాక మూసుకోవాలి. తెరవకపోతే కొట్టువాడికే తిరిగిచ్చెయ్, బిగించాక తీసుకోడు.

అయిదొందల కిలోమీటర్లు తిరిగాక ఒకసారి మూత తీసి చూడు. కొంచెం ఎరుపు తిరిగితే భయపడకు, మూలల్లో మిగిలింది వస్తుంది. ఒక్కసారి వదిలి మళ్లీ పోస్తే చాలు. వదిలింది డబ్బాలో పట్టు, ఆ నిజామాబాద్ తమ్ముడు చెప్పిన కుక్కల మాట మర్చిపోకు.

నాన్నగారిని ఏమీ అనకు. అడవిలో రాత్రిపూట నేనూ పసుపే పోసేవాణ్ణి.